నీ దగ్గు మందు సీసా

నాయనమ్మా,

ఈరోజు నీ తద్దినం. ఏటా లాగే నీ ఫొటో పక్కన పెడదామని, ఈ పరాయి దేశంలో, అల్ తుమామాలోని మా ఫ్లాట్లో నీ దగ్గు మందు సీసా కడిగాను. ఇంగ్లీషు రాని నువ్వు, వేరే సీసాలతో కలిసిపోకుండా, లేబుల్ మీద "దగ్గు మందు" అని తెలుగులో రాసి అంటించుకున్న కాగితం ఊడి నా చేతిలోకి వచ్చింది.

కింద ఇంగ్లీషు అక్షరాలు. విక్టోరియా రాణి కాలం నుంచీ పేరున్న మందట. అందులో నల్లమందు, క్లోరోఫారం ఉన్నాయట. పసిపిల్లలకు పట్టకూడదని చివర్న ఎర్రగా రాసి ఉంది.

పక్క ఫ్లాట్ షబానాకు చూపించాను. కరీంనగర్ అమ్మాయి, ఫార్మసిస్టు.

"యా అల్లా! ఖాళీదే గదా అక్కా? నిండుగుంటే ఎయిర్‌పోర్ట్‌లనే పట్టుకుందురు," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "పిల్లలకు గిన తాపిండ్రా ఏంది?"

సీసా తీసుకుని ఇంటికి వచ్చేశాను.

చెల్లికి అప్పుడు రెండేళ్లు. మూడు రోజులుగా ఒకటే దగ్గు. నువ్వు చక్కెర నీళ్లలో చుక్కలు కలిపి పట్టావు. తెల్లారి అది లేవలేదు.

"ఆ మందు పుణ్యమా అని చివరి రాత్రయినా హాయిగా నిద్రపోయింది నా తల్లి," అని నువ్వు పోయేదాకా చెప్పావు. అందుకే సీసా దాచావు. అందుకే నేనూ దాచాను.

సాయంత్రం అమ్మ వీడియో కాల్ చేసింది. "ఫొటో పక్కన సీసా కనబడదేమే?"

కడుగుతుంటే జారి పగిలిపోయిందన్నాను.

పగల్లేదు నాయనమ్మా. నీ కాగితం మళ్లీ అంటించి, బీరువాలో పెట్టి తాళం వేశాను.