కాగితం మిల్లు అట్లు

థండర్ బే, ఏప్రిల్ 9

షేర్ల ఆఫీసు మేనేజరు లెగారే గారికి,

మా ఆయన ఐనో పేర మీ దగ్గరున్న ఫిన్లాండ్ కాగితం మిల్లు షేర్ల గురించి రాస్తున్నాను. విదేశీ షేర్లను భద్రపరిచినందుకు మీరు పట్టుకునే రుసుము మూడేళ్లుగా డివిడెండునంతా మింగేస్తోంది. నాలుగు షేర్లకు కాపలా కాయడానికి అంత ఖర్చేమిటో నాకు అర్థం కాదు. ఐనోకు ఈ సంగతే తెలియదు. మా ఇంట్లో ఉత్తరాలు విప్పేది నేనే.

ఆ మిల్లులో ఆయన తండ్రి పనిచేశాడు. ఏటా డివిడెండు రాగానే ఐనో పాత స్నేహితులను హోటలుకు తీసుకెళ్లి అట్లు తినిపిస్తాడు. "మా నాన్న మిల్లు పెడుతోంది, మొహమాటపడకుండా లాగించండ్రా!" అంటాడు. మూడేళ్లుగా ఆ మిల్లు నేనే. ఉన్ని చేతి తొడుగులు అల్లి అమ్మిన డబ్బును డివిడెండని చెప్పి ఆయన చేతిలో పెడుతున్నాను.

నిన్న ఐనో తన పడవ అమ్మేశాడు. "మిల్లు వాళ్లు ఒక్క ఏడాది కూడా తప్పకుండా పంపుతున్నారే! ఇంకో రెండొందల షేర్లు కొందాం" అన్నాడు.

సోమవారం ఆ డబ్బుతో మీ దగ్గరకు వస్తాడు. రుసుము ఎంతో దాచకుండా చెప్పండి, కొననివ్వకండి. ఎప్పటినుంచని అడిగితే మాత్రం ఈ ఏడాది నుంచేనని చెప్పండి. ఆ మూడేళ్ల అట్లు వాళ్ల నాన్న పెట్టినవిగానే ఉండనివ్వండి.

ఇట్లు,
ఐనో భార్య