మూడు చెవులతో పదిహేను ఆల్బమ్‌లు

మార్చి 3, సోమవారం

ఎడమ చెవి లోపల, వినికిడి నరాన్ని ఆనుకుని గోళీ అంత గడ్డ. క్యాన్సర్ కాదు. అయినా తియ్యాలి. తీస్తే ఆ చెవి పోతుంది. సర్జన్ రెండు నిమిషాల్లో ఇదంతా చెప్పేసి 21న ఆపరేషన్ అన్నాడు. ముఖం ఒక పక్కకు వంకర పోయే అవకాశం కూడా కాస్త ఉందట. అక్క ఏవేవో అడిగి రాసుకుంది. నేను ఒక్కటే అడిగాను, ఇక స్టీరియో, అంటే రెండు చెవుల్లో వేర్వేరుగా పడే సంగీతం, వినలేనా అని. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది.

మార్చి 4

ఇండస్ట్రియల్ మ్యూజిక్ మీద చిన్న పత్రిక నడిపే ఎడిటర్‌ను ఆర్నెల్లుగా తిప్పుతున్నాను. ఆల్‌టైమ్ బెస్ట్ పదిహేను ఆల్బమ్‌లు, ర్యాంకులతో రాసిస్తానని మాటిచ్చాను. విషయం చెబితే పాపం కంగారుపడి, లిస్టు సంగతి మర్చిపొమ్మన్నాడు. మర్చిపోను. 20లోపు పంపిస్తానన్నాను. షార్ట్‌లిస్టులో నలభై ఉన్నాయి. జ్ఞాపకం మీద ఆధారపడి ఒక్క ర్యాంకు కూడా వెయ్యను. ప్రతిదీ మొదటినుంచి చివరిదాకా, రెండు చెవులూ ఉండగానే వింటాను.

ఫ్రిజ్ తలుపుల రేకులు నొక్కే ప్రెస్సు దగ్గర ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం. ఆ మోత చాలదన్నట్టు ఇంటికొచ్చి ఈ మోతేమిటని అక్క గోల. ఇనుము దెబ్బలు, మోటార్ల రొద, చెడిపోయిన టేపులు, వీటితోనే సంగీతం కట్టినవాళ్లు ఈ ఇండస్ట్రియల్ వాళ్లు. ఫ్యాక్టరీలో మోత నన్ను ఆడిస్తుంది. ఇక్కడ దాన్ని ఒక మనిషి ఆడిస్తాడు. ఆ తేడా కోసమే వింటాను.

మార్చి 6, సాయంత్రం 5:30

లీవు దొరికింది. అక్క నా కాగితాలు తిరగేసి, వీటికి ఒక పద్ధతీ పాడూ లేదంది. లెక్కల టీచరు కదా. స్కేలు పెట్టి గళ్లు గీసింది. ధ్వనికి పది, కొత్తదనానికి పది, మళ్లీ వినాలనిపిస్తే పది. తర్వాత ఏమనుకుందో, రెండో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని పక్కన కూర్చుంది, చేతిలో ఎర్ర పెన్ను. మొదటి ఆల్బమ్‌కు ముప్పైకి రెండు. ఆ రెండూ కవరు బాగుందనట.

మార్చి 7

మూడు ఆల్బమ్‌లు. అక్కకు తలనొప్పి. నాకు లేదు.

మార్చి 9, ఆదివారం

అసలు పేర్లకు నోరు తిరగక అక్క అన్నింటికీ కవరును బట్టి పేర్లు పెట్టేసింది. ఇవాళ ‘నల్ల కవరు’ వంతు. పందొమ్మిదేళ్లప్పుడు అది విని మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటినుంచి నా లిస్టులో అదే ఫస్ట్. అందరి లిస్టుల్లోనూ అదే ఫస్ట్.

అక్క నాలుగు వేసింది. ఆ పాడేవాడికి నిజంగా కోపం రాలేదట, కోపం వచ్చినట్టు చేస్తున్నాడట. తన క్లాసులో అలాంటివాళ్లు పదిమంది ఉన్నారట.

ఒళ్లు మండిపోయింది. సాయంత్రం టీ కూడా విడిగా పెట్టుకున్నాను. తర్వాత ఒక్కదాన్నే మళ్లీ విన్నాను. మూడో పాట దగ్గర నాకూ ఆ నటన దొరికిపోయింది. ఇన్నేళ్లూ ఆల్బమ్‌కు కాదు, నా పందొమ్మిదేళ్ల వయసుకు ర్యాంకు వేస్తున్నాను. ఇది రాయడానికి చాలా కష్టంగా ఉంది. రాశాను.

మార్చి 12

‘మెట్లు’. మూతపడ్డ నూలు మిల్లులో ఇద్దరు ఆడవాళ్లు రికార్డు చేసిన ఆల్బమ్. ఆరేళ్ల క్రితం కొని, ఒకసారి విని పక్కన పడేశాను. కుడివైపు ఒక మందమైన దెబ్బ, అంతకు మించి ఏమీ లేదు. షార్ట్‌లిస్టులో మొహమాటానికి ఉంచాను.

అయిపోయాక అక్క పెన్ను మూత పెట్టి, ఇంతసేపటికి ఒక మంచిది వినిపించావంది. ఏముంది అందులో అన్నాను.

“ఎడమ పక్కన ఎవరో ఇనప మెట్లు దిగుతున్నారు కదే. మొదటినుంచీ దిగుతూనే ఉన్నారు. నీకు వినబడట్లేదా?”

వినబడలేదు.

మార్చి 13

సర్జన్‌కు ఫోన్ చేశాను. గడ్డ ఏడెనిమిదేళ్లుగా పెరుగుతూ ఉండొచ్చట. సన్నటి శబ్దాలు ముందుగా పోతాయట.

అంటే ఎనిమిదేళ్లుగా నేను రాసిన రివ్యూలు, చేసిన ఎగతాళి, ఎడిటర్‌తో పడ్డ గొడవలు అన్నీ ఒకటిన్నర చెవితో. గళ్ల కాగితం చించేశాను.

అక్క కొత్త కాగితం తీసి మళ్లీ గళ్లు గీసింది. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకోమంది. ఎడమది కుడి చెవికి. అంతే. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

మార్చి 14

నలభైలో ఇరవై రెండు అయ్యాయి. ఆ ఇరవై రెండూ మళ్లీ మొదటినుంచి. ఒకసారి నేరుగా, ఒకసారి తిప్పి. ఉదయం ఆరున్నరకు కూర్చుంటున్నాం. అక్క కూడా స్కూలుకు లీవు పెట్టింది. నాకు చెప్పకుండా.

మార్చి 17

‘మెట్లు’ తిప్పి విన్నాను. అడుగులు ఉన్నాయి. దిగుతూ దిగుతూ ఒక్కోచోట ఆగుతాయి. కానీ కుడి దెబ్బతో కలిసినప్పుడు ఏమవుతుందో నాకు తెలియదు. మోనోలో, అంటే రెండు వైపుల శబ్దాన్నీ ఒకటిగా కలిపి, పెడితే రెండూ ముద్దయిపోయాయి. దెబ్బ కొట్టే మనిషికీ మెట్లు దిగే మనిషికీ మధ్య దూరమే ఆల్బమంతా అని అనుమానం. ఆ దూరమే నాకు లేదు.

అక్కకు చెప్పాను. లేచి నా ఎడమవైపుకు వచ్చి కూర్చుంది. నా ఎడమ భుజం మీద వేలితో అడుగులు కొట్టడం మొదలుపెట్టింది, తనకు వినబడ్డవి వినబడ్డట్టే. కుడి చెవిలో దెబ్బ. ఎడమ భుజం మీద అడుగు. నలభై మూడు నిమిషాలు. ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆరో పాటలో రెండూ ఒకే క్షణంలో పడ్డాయి. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

మార్చి 19

‘మెట్లు’ ఫస్ట్. ‘నల్ల కవరు’ పదకొండు. పంపిన లిస్టు చూసి ఎడిటర్ ఫోన్ చేసి, చదివేవాళ్లు నిన్ను ఉతికి ఆరేస్తారన్నాడు. ఆరేయనీ అన్నాను. ఎలా విన్నానో లిస్టు కింద రాయమన్నాడు. రాశాను: విన్నవాళ్లు ఇద్దరు. చెవులు మూడు.

మార్చి 21, ఉదయం 6:10

ఆస్పత్రి గది. అక్క నిద్రపోయినట్టు నటిస్తోంది. నాకు భయంగా ఉంది. లిస్టులో ఒక్క ర్యాంకు కూడా మార్చాలని లేదు.

మార్చి 26

ముఖం వంకర పోలేదు. నర్సు నవ్వమంటే నవ్వాను. పడక మీద కూర్చుంటే గది తిరుగుతోంది. పత్రిక వచ్చిందట, తిట్లూ మొదలయ్యాయట. అక్క ఒక్కొక్కటీ నా కుడి పక్కన కూర్చుని చదివి వినిపిస్తోంది, మధ్యలో వాళ్ల స్పెల్లింగులు దిద్దుతూ.

మార్చి 29

పోయిన చెవిలో మోత. మందంగా, ఆగకుండా, అడుగున ఏదో తిరుగుతున్నట్టు. మెదడు కల్పించుకుంటున్నదట. కొత్త కాగితం మీద 16 అని రాసి పక్కన ఖాళీ వదిలాను. ఇంకా వింటున్నాను.