గుళికలు పట్టిన విషం

ఏమండీ,

నిన్న ఆయుధపూజకు హిందూపురంలో మీరు పనిచేసిన, ఇనుప సామాన్లకు పూత వేసే ప్లేటింగ్ ఫ్యాక్టరీకి పోయాను. మీరు కన్నుమూశాక మీ పూత తొట్టి దగ్గర మీ తమ్ముడు నాగరాజే పనిచేస్తున్నాడు. కొత్త మిషన్‌కు బొట్టు పెట్టమని అతనే పిలిచాడు.

అదొక మనిషెత్తు గొట్టం. దాని నిండా ఏదో మందునూనెలో నానబెట్టిన ఆవాలంత గుళికలున్నాయి. వాడేసిన ఆసిడ్ నీళ్లు పైనుంచి పోస్తే, అందులో మిగిలిన పూత లోహం, కాడ్మియం, గుళికలకు పట్టుకుంటుందట. దాన్ని కడిగి తీసి మళ్లీ తొట్టికే వాడతారట. మీ కిడ్నీలను తిన్నది ఆ కాడ్మియమే.

కింద నీళ్లు తేటగా కారుతున్నాయి. పూజ ధ్యాసలో తీర్థానికి పట్టినట్టు చెయ్యి పట్టాను. నాగరాజు గబుక్కున లాగేశాడు.

"వద్దు వదినా! విషం పోయినా ఆసిడ్ ఆడనే ఉండాది. తీర్థం కావల్లంటే గుడికి పో" అని నవ్వాడు.

అతని వేళ్లు మీ వేళ్లలాగే పగిలి ఉన్నాయి.

"గ్లౌజులు యాడ నాయనా?"

"అవేసుకుంటే పట్టు దొరకదు వదినా. ఇంగ భయమేముండాది, మిషనొచ్చింది గదా!"

మిషన్ చూసుకునేది బయటికి పోయే నీళ్లను, తొట్టిలో ముంచే చేతులను కాదు. పట్టు దొరకదని మీరూ అనేవారు. మిషన్‌కు పెట్టగా పళ్లెంలో మిగిలిన కుంకుమ అతని నుదుట పెట్టి వచ్చేశాను.