దూలం కొస ఆనే చోటు

పిడుగు వాళ్ళ అమ్మకి,

ఇక్కడ నేను, నీ పిడుగు, మా అక్క ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకి తింటూ, కళ్ళకి కాస్త విశ్రాంతి ఇస్తూ క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. ఆ "బాగానే" అన్న మాట సంగతి చివర్లో చెప్తాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. పిడుగుకి ఊడిన పన్ను చోట కొత్తది వస్తోంది, కాస్త వంకరగా. అది నీ పోలికేనని మా అక్క అంటోంది. కుళాయి బాగు చేయించాను. అక్క మనకి సాయం చేద్దామని వచ్చి ఇక్కడే ఉండిపోయిందని కిందటిసారి రాశాను కదా, ఇప్పుడు వంటింట్లో డబ్బాలన్నీ తన పద్ధతిలో సర్దేసింది. ఉప్పు కోసం వెతికితే బొత్తాలు దొరికాయి. ఏమైనా అంటే, "నీకు ఇల్లు నడపడం చేతకాదురా తమ్ముడూ, నువ్వు పక్కకి జరుగు" అంటుంది. చేసేదంతా ప్రేమతోనే. అందుకే ఏమీ అనలేక చస్తున్నాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. "ప్రతి ఉత్తరంలో స్తంభం, దూలం అంటావు. రెండూ రాళ్ళే కదా, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, అంతేగా తేడా?" అని అడిగావు. అంతే అయితే నేను ఇన్నాళ్ళు ఈ పని నేర్చుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు.

మేం బాగుచేస్తున్న పాత రైల్వే స్టేషన్ ముందు వసారా ఉంది. వరసగా స్తంభాలు, వాటి తలల మీద ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి పరిచిన రాతి దూలాలు. కప్పు బరువు ముందు దూలం మీద పడి, అక్కడి నుంచి స్తంభంలోకి, స్తంభంలోంచి నేలలోకి దిగుతుంది. స్తంభానికి నొక్కుడు ఒక్కటే. రాయిని ఎంత నొక్కినా కిక్కురుమనదు. దూలం సంగతి వేరు. రెండు కొసలూ స్తంభాల మీద ఆనుకుని, నడుమంతా గాల్లో ఉంటుంది. బరువు పడితే దాని పైవైపు నొక్కుకుంటుంది, కిందివైపు సాగుతుంది. నొక్కుడు ఓర్చుకునే రాయి సాగదీతని ఓర్చుకోలేదు. అందుకే పగులు ఎప్పుడూ దూలం అడుగున, నడిమధ్యలో మొదలవుతుంది. రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకి అది కనపడదు, పరంజా ఎక్కి వెల్లకిలా పడుకుని చూడాలి. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా.

ఇంకో సంగతి. దూలం ప్రతి కొసా స్తంభం మీద కనీసం జానెడైనా ఆనాలి, లేదంటే జారిపడుతుంది. మా మేస్త్రి ఆ చోటు జానతో కొలిచి చూస్తే గాని కిందికి దిగడు.

పోయిన నెల గుమ్మానికి ఎదురుగా ఉన్న దూలానికి అలాంటి పగులే కనపడింది. కూలిపోతుందేమోనని మాకందరికీ భయం పట్టుకుని, నడుమ ఊతకర్ర నిలబెట్టి, దాని కింద చెక్కముక్కలు దిగ్గొట్టి బిగించాం. చాలదేమోనని ఇంకా బిగించాం. మర్నాటికి దూలం పైన కూడా పగులొచ్చింది. మేస్త్రి తల పట్టుకున్నాడు. "ఊత తాకీ తాకనట్టు ఉండాలిరా. రెండు చివర్ల మీద నిలబడేదాన్ని నడుమ పట్టుకుని పైకి తోస్తే వెన్ను విరగదా? మీ ప్రేమ తగలెయ్య!" అన్నాడు. నాకు మా అక్క, ఆ బొత్తాల డబ్బా గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో చెప్తే ఇంకో నాలుగు తిట్లు పడేవి.

ఆదివారం పిడుగుని కూడా తీసుకెళ్ళాను. స్టేషన్ వెనక ఎప్పుడో కప్పు కూలిన పాత షెడ్డు ఒకటుంది. దూలాలన్నీ గడ్డిలో పడి ఉన్నాయి, స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నాయి.

"ఇవేంటి నాన్నా, ఏమీ మొయ్యకుండా ఊరికే నిలబడ్డాయి?" అంది.

"స్తంభం అంతేనమ్మా. పైన ఏమీ లేకపోయినా నిలబడుతుంది. దూలానికి అది చేతకాదు."

"పాపం దూలం," అని, గడ్డిలో పడి ఉన్నదాన్ని నిమిరి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. కళ్ళద్దాల ఫ్యాక్టరీ వాళ్ళు నిన్ను ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారని, తనిఖీ విభాగం మొత్తం నీకే అప్పగిస్తారని రాశావు. "సంతకం పెట్టనా వద్దా? నువ్వు స్తంభంలాంటి మనిషివి. నువ్వక్కడ ఉన్నావన్న ధైర్యంతోనే నేనిక్కడ ఉండగలుగుతున్నాను" అన్నావు. ఇంతకుముందు అడిగినప్పుడల్లా "నీ ఇష్టం" అని రాసి ఊరుకున్నాను. అది నిజం కాదు.

నేను స్తంభాన్ని కాదు. దూలాన్ని. నా ఒక కొస నా పని మీద ఉంది, రెండో కొస నీ మీద ఉండేది. నువ్వు వెళ్ళాక అది నీ ఉత్తరాల మీద వేలెడు మేర ఆనుకుని ఉంది. పగలు పనిలో పడి మరిచిపోతాను. సాయంత్రం తలుపు తీయగానే నీ చెప్పులుండే మూల చూస్తాను. అక్క అక్కడ చీపురు పెట్టింది. ఆ చీపురు మీద నాకెంత కోపమో చెప్తే నవ్వుతావు. ఇద్దరికి సరిపడా టీ పెట్టి, సగం పారబోసే అలవాటు ఇంకా పోలేదు. నువ్వు లేకుండా నాకు బాగాలేదు. ఏమీ బాగాలేదు. అద్దంలో వెంట్రుకంత గీతని పట్టేసేదానివి, నన్ను కనిపెట్టలేదంటే తప్పు నీ కళ్ళది కాదు. నేను నీకు పైవైపే చూపిస్తూ వచ్చాను.

అయినా సంతకం పెట్టొద్దని రాయను. ఆ విభాగం గురించి రాసిన పేజీలో నీ అక్షరాలు కూడా హుషారుగా ఉన్నాయి. మా పనిలో ముందు స్తంభాలు నిలబెడతారు. తర్వాత దూలానికి మోకులు కట్టి ఎత్తి, స్తంభం దగ్గరికి తెస్తారు. దూలం కోసం స్తంభాన్ని పెకలించి జరిపినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అందుకని నువ్వు సంతకం పెట్టు. పిడుగు పరీక్షలు అయ్యేసరికి వసారా పని పూర్తవుతుంది. ఆ తర్వాత నా కోసం చూడొద్దని మేస్త్రికి చెప్పేశాను. "అక్కడ రాతిపని దొరుకుతుందా?" అన్నాడు. "రాయి లేని ఊరుంటుందా" అన్నాను. అక్కకి ఇంకా చెప్పలేదు. చెప్తే డబ్బాలతో సహా బయల్దేరుతుంది.

ఒక్కటే భయం. అక్కడ నీకంటూ ఒక బతుకు కుదురుకుంది. మేం వస్తే నీకు ఇరుకవుతుందేమోనని ఎన్నిసార్లు ఈ కాగితం మడిచి పక్కన పెట్టానో. కానీ అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడుగుతున్నాను. నీ గది చిన్నదని రాశావు. పిడుగు ఎక్కడైనా ముడుచుకుని పడుకుంటుంది. నీ మంచం గోడకి జరిపి, నా కోసం చోటేమైనా మిగులుతుందేమో చూడు.

జానెడు చాలు.

ఇట్లు,
మీ ఆయన