ఊట దారికి పదకొండు ఇంటూ గుర్తులు

మార్చి 3
తప్పు నీదే. అవును, ఇది చదువుతున్న నీదే. మా హాడ్‌ఫోల్డ్ ఊరికి వచ్చావు, చర్చి గోపురాన్నీ దొర బంగళానీ ఫోటో తీసుకున్నావు, చరిత్రంటే ఇదే అనుకుని పోయావు. కాళ్ళ కింది మట్టి దారిని చూడలేదు. నీలాంటివాళ్ళు చూడకపోబట్టే ఈరోజు దానికి తాళం పడింది.

మా ఇళ్ళ నుంచి నీటి ఊట మీదుగా చర్చికి పోయే దారి అది. పొలం కొన్న కొత్తాయన గేటుకి గొలుసు వేశాడు. మ్యాప్‌లో దారి లేదట. పక్కింటి ఐవీ గారడ్‌కి ఎనభై నాలుగేళ్ళు. శుక్రవారం శుక్రవారం చర్చిలో ఇత్తడి సామాను తోమడానికి అటే వెళ్తుంది. ఇక చేతికర్ర పట్టుకుని లారీల రోడ్డు మీద వెళ్ళాలి. పక్కకి తప్పుకుందామంటే జానెడు చోటు లేదు.

మార్చి 6
కౌంటీ ఆఫీసుకి, అంటే మా జిల్లా ఆఫీసుకి, ఫోన్ చేశాను. అది ఊరి దారని ఒప్పుకోవాలంటే, ఇరవై ఏళ్ళు నడిచామని జనం ఫారాల మీద రాసివ్వాలట. దౌర్జన్యంగా నడిచి ఉండకూడదు, దొంగచాటుగా నడిచి ఉండకూడదు, ఎవరి అనుమతీ తీసుకుని ఉండకూడదు. మూడోది వినగానే నవ్వొచ్చింది. అడిగి మరీ నడిచేంత బుద్ధిమంతులు ఎవరుంటారు?

మార్చి 14
ఉన్నారు. ఐవీ ఫారంలో రాసింది: ఏటా క్రిస్మస్‌కి పాత యజమానికి ఒక సీసా నారింజ మార్మలేడ్ జామ్ ఇచ్చి, ఈ ఏడు కూడా నడవనిస్తారా అని అడిగేదట. మా అందరి తరఫునా ఐవీయే అడిగేదని ఫారాలు నింపిన మిగతా అయిదుగురూ రాశారు.

ఆరు ఫారాలు. ఆరూ చెల్లవు.

మార్చి 15
ఐవీ ఇంటికి వెళ్ళి అరిచాను. మార్మలేడ్ సంగతి తీసేసి మళ్ళీ రాయమన్నాను.

“నిజం రాయమన్నది నువ్వేగా అమ్మాయ్?”

ఆ నిజం వల్లే దారి పోతుందన్నాను.

“పోతే పోనీ. ఈ వయసులో అబద్ధం మీద నడవమంటావా? నా మోకాళ్ళు మట్టి మీదే నిలబడవు.” బిస్కెట్ల డబ్బా నా ముందుకు తోసింది. “తిను. అరిచి అరిచి మొహం బీట్‌రూట్ అయింది.”

మార్చి 16
సిగ్గుగా ఉంది.

మార్చి 21
చర్చి నుంచి ఐవీ ఫోన్. ఎవరో కారులో దింపారట. పాత పెట్టెలో ఏదో దొరికింది, రమ్మంది. “తాళంచెవి ఫాదర్ని అడిగే తీసుకున్నాలే, మళ్ళీ అరవకు.”

1871 నాటి ఊరి తీర్మానాల పుస్తకం. ఊట దగ్గర కాలువ దాటే రాతి పలక విరిగితే పదకొండు మంది ఆడవాళ్ళు అర్జీ పెట్టారు. పాలు పితికేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు. సంతకం రాదు. పేరు పక్కన ఇంటూ గుర్తు. “ఇది మేమూ మా అమ్మలూ నీళ్ళకు నడిచిన దారి, అందరి దారి. పలక వేయండి.” వినయాలూ విన్నపాలూ ఒక్క ముక్క లేవు. కింద తీర్మానం: ఊరి దారి గనుక ఊరే వేయించాలి.

తొమ్మిదో పేరు హెప్జిబా గారడ్.

“మా ఆయన ముత్తవ్వ,” అంది ఐవీ. “మహా మొండిదట. నేను కోడల్ని కదా, నాకు అంటలేదు.”

అంటింది, ఐవీ. మొన్న నా మీదే చూపించావు.

మార్చి 27
ఒకసారి ఊరిదైన దారి, తర్వాత ఎవరు అనుమతి అడిగినా, ఊరిదేనని కౌంటీ ఆఫీసరు చెప్పింది. పుస్తకం బలమైన సాక్ష్యమేనట. నిర్ణయానికి మాత్రం టైమ్ పడుతుందట.

ఇరవై రెండేళ్ళ క్రితం, విడాకులయ్యాక, రెండు సూట్‌కేసులతో ఇక్కడ దిగాను. ఆ సాయంత్రం గుమ్మం ముందు గిన్నెడు సూప్ పెట్టి, తలుపు కూడా తట్టకుండా వెళ్ళిపోయింది ఐవీ. అప్పట్నుంచీ ఈ ఊరికి న్యాయం నేర్పుతున్నాననుకుంటున్నాను. ఎన్ని వ్యాసాలు, ఎన్ని మీటింగులు! నన్ను అబద్ధం నుంచి కాపాడింది ఆవిడ. దారిని కాపాడిందీ ఆవిడే. ఈ మాట ఆవిడతో చెప్పాను. ఏడవకు, టీ చల్లారిపోతుందంది.

ఏప్రిల్ 2, బుధవారం
కౌంటీకి రాసిచ్చిన డిమాండ్లు:
1. గొలుసు తీయాలి.
2. మ్యాప్‌లో దారి గీయాలి.
3. కాలువ మీద కొత్త పలక వేయాలి.
4. బోర్డు మీద ఆ పదకొండు పేర్లూ రాయాలి. దొర పేరు అక్కర్లేదు.
5. మొదటిది మాత్రం శుక్రవారం లోపు, ఐవీ ఇత్తడి తోమే వేళకి.