సర్వేయరు వచ్చేలోపే సున్నం

అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఈ కార్డు.

హన్మకొండలో మనం కిరాయికిచ్చిన ఇంట్లోకి నడుము లోతు వాన నీళ్లొచ్చాయని, ఇన్సూరెన్స్ సర్వేయరు నష్టం చూడ్డానికి శుక్రవారం వస్తాడని నీకు చెప్పడమే నా తప్పు. కిరాయికుండే పద్మలతకు ఫోన్ చేసి ఇల్లు కడిగించి, గోడలకు సున్నం వేయించి, గడపకు పసుపు కూడా రాయించావట!

సర్వేయరు గదులన్నీ తిరిగి, "ఇల్లు పెండ్లిల్లు లెక్క ఉన్నది, నష్టం ఏడున్నది సార్?" అన్నాడు. నేను పద్మలత వైపు చూశాను. "మీ అమ్మనే చెప్పింది అన్నా, ఆఫీసరొస్తాండట, ఇల్లు గలీజుగుంటే ఇజ్జత్ పోతదన్నది" అంది. తల గోడకేసి కొట్టుకుందామంటే సున్నం ఇంకా ఆరలేదు.

చివరికి ఇనుప బీరువా జరిపితే వెనక గోడ మీద నీళ్ల చార కనిపించింది. పద్మలత ఒక్కతే జరపలేక వదిలేసిందట. సర్వేయరు దాన్నే ఫొటో తీసుకున్నాడు, మంగళవారం మళ్లీ వస్తాడు. అప్పటిదాకా ఆమెకు ఫోన్ చేయకు, ఆ బీరువాను కడుగుతానని పాలకుర్తిలో నీ దగ్గరికి పంపమని నన్ను అడగకు.

నాన్న మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆయనకు నా దండాలు చెప్పు.

మన పాలసీ గోడలకే, కిరాయిదారు సామాన్లకు కాదు. పద్మలత పరుపులన్నీ పాడైపోయి, పిల్లలతో చాప మీద పడుకుంటూ మన గోడలకు సున్నం వేసింది. అటక మీది బొంతలు రెండూ ఆమెకు పంపు. కడగాలన్న నీ తపనంతా వాటి మీద తీర్చుకో.

నీ కొడుకు,
చంద్రమౌళి