పేరు చెప్పని బటన్లు

గురువారం రాత్రి

మధ్యాహ్నం తమ్ముడు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

వాడు పనిచేసే గూడెం రైస్ మిల్లు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. చూపు లేకపోయినా, తెర మీద ఉన్నది కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే ఇన్నేళ్లూ వాడే బిల్లులు చేశాడు. పాతదాంట్లో ప్రతి బటన్ తన పేరు చెప్పేది. కొత్తదాంట్లో ఎక్కడికి వెళ్లినా "బటన్, బటన్" అంటుందట, అంతే. ఇవాళ సేవ్ అనుకుని డిలీట్ నొక్కాడు. పొద్దుటి నుంచి చేసిన బిల్లులన్నీ పోయాయి.

ఓనరు గారు కోప్పడలేదు. "పోనీలెండి ప్రసాద్ గారూ, రేపటి నుంచి మీరు ఫోన్లు చూసుకుందురు గాని" అన్నారట. ఆ మర్యాదే వాణ్ని కుంగదీసింది.

సాఫ్ట్‌వేర్ చేసినతనికి నేనే ఫోన్ చేశాను.

"బటన్ల మీద బొమ్మలు పెట్టామండీ, చూడగానే తెలిసిపోతుందండీ."

"చూడలేనివాడికో బాబూ?"

"పేర్లు తగిలించడం పెద్ద పనేం కాదండీ. కానీ ఒక్కరి కోసమంటే... చూద్దామండీ."

ఆ చూద్దాం ఎలాంటిదో నాకు తెలుసు.

సాయంత్రం దీపం పెట్టి సహస్రనామాలు చదువుతుంటే వాడు గుమ్మంలో కూర్చుని విన్నాడు. "నీ స్వామికి వెయ్యి పేర్లు కదక్కా. అందులో ఒకటి మా సేవ్ బటన్‌కి ఇప్పించకూడదూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత ఏ నామం దగ్గర ఆపానో ఎంత వెతికినా దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి చదవబుద్ధి కాలేదు...